ఏబీఎస్ లైటు వెలిగింది: శుభ్రం చేస్తే చాలా, సెన్సర్ మార్చాలా, మాడ్యూల్ దాకా వెళ్లాలా?

ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు పట్టేయకుండా చూసేది), ట్రాక్షన్ కంట్రోల్ (చక్రాలు జారి ఊరికే తిరగకుండా చూసేది) లైట్లు రెండూ ఒకేసారి వెలిగాయి, సెన్సర్ కొనాలా, వీటిని నడిపే కంప్యూటరు అయిన మాడ్యూలే పోయిందా అని పదే పదే అడుగుతున్నారు. లైట్లు రెండు వెలిగినంత మాత్రాన లోపాలు రెండు ఉన్నాయని కాదు. రెండు వ్యవస్థలకూ ఆధారం అవే నాలుగు వీల్ స్పీడ్ సెన్సర్లు, అదే మాడ్యూల్. ఒక చక్రం వేగం మీద మాడ్యూల్‌కు నమ్మకం పోతే రెండింటినీ ఆపేస్తుంది. మామూలు బ్రేకు పనిచేస్తూనే ఉంటుంది. వీటితో పాటు ఎర్ర బ్రేకు లైటు కూడా వెలిగితే మాత్రం బండి తీయకండి. ముందు బ్రేక్ ఆయిల్ మట్టం చూడండి. ఆయిల్ సరిగానే ఉంటే, ముందు వెనుక చక్రాల మధ్య బ్రేకు బలాన్ని పంచే ఈబీడీ కూడా ఆగిపోయి ఉండొచ్చు. అప్పుడు గట్టిగా తొక్కితే వెనక చక్రాలు ముందే పట్టేసి బండి వెనక భాగం పక్కకు తిరిగిపోవచ్చు.

ఏది మేలో తేల్చేది స్కానర్ చూపే లోపం కోడ్ కాదు, లైవ్ డేటా, అంటే బండి నడుస్తుండగా సెన్సర్లు పంపే అంకెలు. సీ0035 అని వస్తే ముందు ఎడమ చక్రం సర్క్యూట్‌లో తేడా ఉందని మాత్రమే అర్థం. ఆ సర్క్యూట్‌లో సెన్సర్, వైరు, కనెక్టర్, టోన్ రింగ్ (చక్రంతో పాటు తిరుగుతూ సెన్సర్‌కు వేగం తెలిపే రింగ్) అన్నీ ఉంటాయి. కోడ్ చూసి సెన్సర్ కొనేవాళ్లలో చాలామందికి లైటు మళ్లీ వెలిగేది అందుకే. ఇంజిన్ కోడ్లు మాత్రమే చదివే చిన్న రీడర్ ఇక్కడ పనికిరాదు. సీతో మొదలయ్యే ఇలాంటి కోడ్లు చదివి, నాలుగు చక్రాల వేగాన్నీ గ్రాఫ్‌గా చూపే స్కానర్ కావాలి.

ఖాళీ స్థలంలో ఒకరు బండి నడపాలి, పక్కన కూర్చున్నవారు స్కానర్ చూడాలి. నిలబడ్డ చోటు నుంచి గంటకు 30 కిలోమీటర్ల దాకా మెల్లగా వెళ్లి, అంతే మెల్లగా ఆపండి. ఒక చక్రం మొదటి నుంచీ సున్నా దగ్గరే ఉంటే వైరు తెగిందో, సెన్సర్ చచ్చిపోయిందో. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడో, గుంతలో పడ్డప్పుడో మాత్రమే గీత పడిపోతే వైరు లోపల తెగి ఉంది. స్ట్రట్ (చక్రం దగ్గరి సస్పెన్షన్ భాగం) దగ్గర వంగే చోట పైతొడుగు బాగానే కనిపిస్తుంది, లోపలి రాగి తెగి ఉంటుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ ఒకే చోట గీత గుచ్చుకున్నట్టు పడితే టోన్ రింగ్ పగిలింది. వేగం బాగా తగ్గాక మిగతా మూడింటికంటే ముందే ఒకటి సున్నాకు వస్తే, సెన్సర్‌కూ రింగ్‌కూ మధ్య ఖాళీ పెరిగింది. పొడి రోడ్డు మీద బండి ఆగబోతుండగా ఏబీఎస్ అనవసరంగా పనిచేసి పెడల్ కింద గరగరమని కొట్టుకునే బళ్లలో సాధారణంగా ఈ చివరి రెండిట్లో ఒకటే కారణం. అప్పుడు లైటు వెలగకపోవచ్చు కూడా.

శుభ్రం చేయడమా, కొత్త సెన్సరా?

ఖాళీ పెరిగిందని తేలితే నా ఓటు శుభ్రం చేయడానికే. సెన్సర్ కూర్చునే చోట తుప్పు పొర కడితే అది సెన్సర్‌ను పైకి నెడుతుంది. ఉండాల్సిన ఖాళీ చాలా బళ్లలో ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ మాత్రమే, కాబట్టి పలచని తుప్పైనా సిగ్నల్‌ను చంపేస్తుంది. సెన్సర్ తీసి, ఆ చోటును ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్ది, కొనకు అంటిన ఇనుప పొడి తుడిచి బిగించండి. ఈ పని చేయకుండా కొత్త సెన్సర్ పెడితే అదీ ఆ తుప్పు మీదే కూర్చుంటుంది.

సెన్సర్ చచ్చిందో లేదో తేల్చే పద్ధతి దాని రకాన్ని బట్టి ఉంటుంది. పాత తరహా కాయిల్ సెన్సర్‌కు మల్టీమీటర్ చాలు: చాలావాటిలో సుమారు 1,000 నుంచి 2,500 ఓమ్‌లు చూపుతుంది. అంకె కంటే కుడి ఎడమల పోలికే నమ్మదగినది. చక్రం చేత్తో తిప్పితే ఏసీ వోల్టేజి కూడా కనబడాలి. కొత్త బళ్లలోని, బయటి నుంచి కరెంటు అందితేనే పనిచేసే యాక్టివ్ సెన్సర్‌కు ఓమ్‌ల పరీక్ష పెట్టకండి, దాంతో ఏమీ తేలదు. ఇగ్నిషన్ వేసి కనెక్టర్‌కు కరెంటు వస్తోందో లేదో చూడండి. అది వస్తూ, వైరు బాగుండి, గీత సున్నాలోనే ఉంటే సెన్సర్ మార్చడమే మేలు. తుప్పుకు పట్టేసిన సెన్సర్‌ను లాగితే ప్లాస్టిక్ విరిగి సగం లోపలే ఉండిపోతుంది. ముందురోజే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి, పైకి లాగకుండా అటూ ఇటూ తిప్పుతూ తీయండి. బిగించేటప్పుడు పాత దారిలోనే, పాత క్లిప్పుల్లోనే వైరు వెళ్లాలి.

చక్రం బేరింగ్ మార్చిన వెంటనే లైటు వెలిగితే సెన్సర్‌ను అనుమానించకండి. యాక్టివ్ సెన్సర్ చదివే అయస్కాంత రింగ్ చాలా బేరింగ్‌లలో ఒక పక్క సీల్‌లోనే ఉంటుంది. బేరింగ్ తిరగేసి నొక్కితే సిగ్నలే రాదు. బిగించే ముందు పేపర్ క్లిప్పు ఆనించి చూడండి: అంటుకునే పక్క సెన్సర్ వైపు ఉండాలి.

మాడ్యూల్ ఎప్పుడు?

నాలుగు గీతలూ కలిసి నడుస్తున్నా లైటు వెలుగుతుంటే, ఏబీఎస్ పంపు మోటారు కోడ్ వస్తే, లేదా మాడ్యూల్‌తో సంబంధం తెగిందని యూ0121 వస్తే అప్పుడు మాడ్యూల్ వైపు వెళ్లాలి. అంతకుముందే బ్యాటరీ, ఫ్యూజులు, ఎర్త్ చూడండి. మాడ్యూలే పోయిందని తేలితే, ఉన్నదాన్ని రిపేరు చేయించడమే నాకు నచ్చే దారి, ఎందుకంటే బండి కోడింగ్ (ఆ బండికి తగ్గట్టు చేసిన సెట్టింగులు) అందులోనే ఉంటుంది. పాత బండి నుంచి తీసినదానికీ, కొత్తదానికీ చాలాసార్లు కోడింగ్ చేయించాలి. కొన్ని బళ్లలో ఎలక్ట్రానిక్ భాగాన్ని మాత్రం విడదీయొచ్చు, బ్రేక్ పైపులు ముట్టక్కర్లేదు. పైపులు విప్పాల్సి వస్తే స్కానర్‌తో పంపు నడిపిస్తూ గాలి తీయాలి. లేకపోతే లోపల గాలి మిగిలి పెడల్ మెత్తబడుతుంది.

ట్రాక్షన్ లైటు ఒక్కటే వెలిగితే బ్రేకు లైటు స్విచ్, అలైన్‌మెంట్ తర్వాత స్టీరింగ్ యాంగిల్ క్యాలిబ్రేషన్ (స్టీరింగ్ నిటారుగా ఉన్న స్థానాన్ని సెన్సర్‌కు మళ్లీ నేర్పడం) చూడండి. చెక్ ఇంజిన్ కూడా వెలిగితే ముందు ఇంజిన్ సంగతి. లైటు కనబడకుండా ఫ్యూజు పీకడం, బల్బు తీసేయడం గురించి అడగనే అడగకండి.

పని అయ్యాక కోడ్ చెరిపినా లైటు వెంటనే ఆరకపోవచ్చు. చాలా బళ్లు కొంత వేగం అందుకుని చక్రాల సిగ్నల్ సరిచూసుకున్నాకే ఆర్పుతాయి. ఆరిన తర్వాత కూడా స్కానర్ పెట్టి, ఆగేదాకా నాలుగు గీతలూ కలిసే దిగుతున్నాయో లేదో ఒకసారి చూడండి.