సైకాలజీ ఆన్‌లైన్ కోర్సులో చేరాలనుకుంటున్నారా? నా అసైన్‌మెంట్‌తో నన్నే కొట్టారు, జాగ్రత్త

ఆ సంస్థ పేరు రాయను. రాస్తే లీగల్ నోటీసు వస్తుందని వాళ్లే ముందు మెసేజ్ పెట్టారు. బెంజి సర్కిల్ దగ్గర ఆ ఫ్లెక్సీ చూసినవాళ్లకి, "ఎదుటివాళ్ల మనసు చదవండి" అనే రీల్స్ వస్తున్నవాళ్లకి ఎవరి గురించో ఈపాటికే అర్థమై ఉంటుంది. మన గుంటూరు, విజయవాడ టీచర్ల గ్రూపుల్లో కొత్త బ్యాచ్ అంటూ వాళ్ల లింకు మళ్లీ తిరుగుతోంది. అందుకే కోపం చల్లారకముందే రాస్తున్నా.

సంగతి క్లుప్తంగా. నేను బ్రాడీపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ని. క్లాసులో కొందరు పిల్లల్ని చూస్తే ఇది అల్లరా, ఇంకేమైనానా అని అనుమానం వస్తుంది కదా, అది తెలుసుకోవాలని అబ్‌నార్మల్ సైకాలజీ, అంటే మానసిక జబ్బుల గురించి చెప్పే ఆన్‌లైన్ డిప్లొమాలో చేరా. ఫీజు 24,000. "యూజీసీ గుర్తింపు ఉందక్కా, ఆర్‌సీఐ గుర్తింపు కూడా ఉందక్కా, అయిపోయాక కౌన్సెలర్‌గా బోర్డు పెట్టుకోవచ్చక్కా" అంది ఫోన్లో అమ్మాయి. యూజీసీ అంటే యూనివర్సిటీల సంగతి చూసే కేంద్ర సంస్థ, ఆర్‌సీఐ అంటే క్లినికల్ సైకాలజిస్టుల్ని రిజిస్టర్ చేసే కేంద్ర సంస్థ. వాయిదాల్లో కట్టండి అంటే ఓటీపీ చెప్పా. తీరా అవి ఫీజు వాయిదాలు కావు, ఏదో ఫైనాన్స్ కంపెనీ నా పేరు మీద ఇచ్చిన అప్పు! ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని పిల్లలకి పాఠం చెప్పే మహాతల్లిని నేనే లెండి.

మొదట్లో క్లాసులు బాగానే ఉన్నాయి, అబద్ధం ఎందుకు చెప్పాలి. వింతగా ప్రవర్తించినంత మాత్రాన జబ్బు కాదు, ఆ మనిషికి బాధ ఉందా, రోజువారీ పనులు కుంటుపడుతున్నాయా, తనకో పక్కవాళ్లకో ప్రమాదం ఉందా అని చూడాలని సార్ చక్కగా చెప్పాడు. ఈ సబ్జెక్టు చదివేవాళ్లకి ప్రతి జబ్బూ తమకే ఉన్నట్టు అనిపిస్తుందని చెప్పి నవ్వించాడు కూడా. గోల్డ్‌వాటర్ రూల్ గురించి ఒక క్లాసంతా చెప్పాడు. 1964లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేసిన గోల్డ్‌వాటర్‌కి, ఆయన్ని ఒక్కసారి కూడా పరీక్షించని సైకియాట్రిస్టులు పత్రికలో జబ్బులు అంటగట్టారట. దాంతో మనిషిని చూడకుండా, అనుమతి లేకుండా అలా మాట్లాడకూడదని 1973లో వాళ్ల సంఘం నియమం పెట్టుకుంది. ఈ క్లాసుని గుర్తుపెట్టుకోండి, పని ఉంది.

తర్వాత సిలబస్ సంగతి బయటపడింది. "లేటెస్ట్ సిలబస్" అని ఫ్లెక్సీలో వేశారా, స్లైడ్ల నిండా జబ్బుని ఐదు కోణాల్లో రాసే ఐదు యాక్సిస్‌ల పద్ధతి, లేనివి వినబడే, భ్రమలు కలిగే స్కిజోఫ్రీనియాలో పారనాయిడ్ (అతి అనుమానాలు), కెటటోనిక్ (బిగుసుకుపోవడం) అంటూ రకాలు. మానసిక జబ్బుల్ని తేల్చడానికి అమెరికా సైకియాట్రిస్టుల సంఘం వేసే పుస్తకం డీఎస్ఎమ్-5 వచ్చిన 2013లోనే ఈ రెండూ తీసేశారు. 2022లో దానికి సవరించిన కూర్పు కూడా వచ్చేసింది. కాన్పు తర్వాత డిప్రెషన్ గురించి కూడా పాత మాటే. గర్భంతో ఉండగా మొదలైనా అందులోకే వస్తుందని 2013లో మార్చారు, ఆయన మాత్రం బిడ్డ పుట్టాకే వస్తుందని చెప్పాడు. అది నాకెలా తెలుసంటే నాకు అలాగే మొదలైంది కాబట్టి.

ఇక అసైన్‌మెంట్. "మీదిగానీ, మీ ఇంట్లోవాళ్లదిగానీ ఒక కేస్ హిస్టరీ రాయండి. నేను తప్ప ఎవరూ చూడరు" అన్నాడు. నేను రాశా. పాప పుట్టాక నిద్ర లేకపోవడం, దాన్ని ఎత్తుకోవాలంటే వణుకు రావడం, గుంటూరులో చూపిస్తే తెలిసినవాళ్ల కంట పడతామని మా ఆయన నన్ను విజయవాడ సూర్యారావుపేట తీసుకెళ్లడం, మా అత్తయ్యకి థైరాయిడ్ మందులని చెప్పి ఆ మాత్రలు వేసుకోవడం. మా అమ్మకి కూడా పూర్తిగా చెప్పని విషయాలు. దానికి పదికి తొమ్మిది మార్కులు వేసి "చాలా నిజాయితీగా రాశారు" అని కామెంట్ పెట్టాడు.

ఆదివారం లైవ్ డౌట్ సెషన్లో చెయ్యెత్తా. సార్, స్లైడ్లు పాతవి, ఆర్‌సీఐ వెబ్‌సైట్లో మన సంస్థ పేరు కనబడట్లేదు, గుర్తింపు కాగితం చూపిస్తారా, లేకపోతే నా ఫీజు వాపసు ఇవ్వండి అన్నా. గొంతు కూడా పెంచలేదు. ఆయన నవ్వాడు. నవ్వి, అందరూ వింటుండగా ఏమన్నాడో చూడండి:

"మేడమ్, మీ అసైన్‌మెంట్ చదివాను కదా, డెలివరీ తర్వాత మీరు ఏ పరిస్థితిలో ఉండేవారో నాకు తెలుసు. ఇంకా పూర్తిగా బయటపడినట్టు లేరు. ఈ అనుమానాలన్నీ పారనాయిడ్ లక్షణాలు. ముందు నా దగ్గర ఒక సెషన్ తీసుకోండి, స్టూడెంట్స్‌కి సగం రేటే."

నాకు నోట మాట రాలేదు. చాట్‌లో ఎవరో నవ్వు బొమ్మ పెట్టారు. ఇంకెవరో "టేక్ కేర్ సిస్" అన్నారు. నేను మైక్ ఆన్ చేసేలోపు మ్యూట్ చేశాడు, సెషన్ అయ్యేసరికి వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు. ఆ బ్యాచ్‌లో మా స్కూల్ టీచర్ ఇంకొకామె ఉంది. సోమవారం స్టాఫ్‌రూమ్‌లో ఆమె నాకు టీ తెచ్చిచ్చింది, ఎన్నడూ లేనిది. "ఏమైనా హెల్ప్ కావాలంటే చెప్పండి" అంది మెల్లగా. ఆ టీ గొంతు దిగలేదండీ. ఆమె తప్పేం లేదు. కానీ సాయంత్రానికి ఎంతమందికి తెలిసిందో నాకు తెలియదు.

పారనాయిడ్ పర్సనాలిటీ, అంటే అందర్నీ అనుమానించే స్వభావం జబ్బు అని తేల్చాలంటే ఏడు లక్షణాల్లో కనీసం నాలుగు ఉండాలి, వయసొచ్చినప్పటి నుంచీ ఉండాలి. ఇది ఆయన స్లైడ్‌లోదే. నాకున్న లక్షణం ఒక్కటే, రసీదు అడగడం. గోల్డ్‌వాటర్ పాఠం చెప్పిన నోటితోనే ఫీజు అడిగిన మనిషికి జబ్బు పేరు పెట్టాడు. 2017 మానసిక ఆరోగ్య చట్టంలో రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని ఉందంటూ మాకు పరీక్ష పెట్టింది కూడా ఈయనే. నేను ఆ ప్రశ్నకి ఫుల్ మార్కులు తెచ్చుకున్నా!

ఫోన్ చేస్తే అక్కా అన్న అమ్మాయి "చూడండి, ఒక్క వీడియో ఓపెన్ చేసినా రీఫండ్ ఉండదు, పాలసీ చదువుకోవాల్సింది" అని పెట్టేసింది. మా ఆయన వాళ్ల సంస్థ ఆఫీసుకి వెళ్లాడు. బోర్డు ఉంది, తాళం ఉంది. ఈఎంఐ మాత్రం ఠంచనుగా కట్ అవుతోంది.

చేరేవాళ్లకి ఒకటి రెండు మాటలు. ఆన్‌లైన్లో, దూరవిద్యలో సైకాలజీ డిగ్రీల్లో 2025 జులై-ఆగస్టు నుంచి కొత్తగా ఎవరినీ చేర్చుకోవద్దని యూజీసీ చెప్పేసింది, కాబట్టి ఎవరైనా యూజీసీ పేరెత్తితే అక్కడే ఆగండి. క్లినికల్ సైకాలజిస్టు అని చెప్పుకోవాలంటే ఆర్‌సీఐలో రిజిస్టరై ఉండాలి, ఆ జాబితా వాళ్ల సైట్లోనే చూసుకోవచ్చు. ఆసక్తి కొద్దీ చదవాలంటే ప్రభుత్వం నడిపే 'స్వయం' అనే పోర్టల్లో సైకాలజీ పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. వాయిదాలంటే అది అప్పేమో అడగండి. అప్పయితే, పెనాల్టీ లేకుండా వెనక్కి తగ్గే గడువు ఉండాలని ఆర్బీఐ నిబంధన ఉంది, నాకు తెలిసేసరికి అది దాటిపోయింది. మోసపోయినవాళ్లు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, నేను చేశా. నిజంగా మనసు బాగోలేనివాళ్లు ఇలాంటివాళ్ల సగం రేటు సెషన్లకి పోకండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు. అసైన్‌మెంట్లో మాత్రం మీ ఇంటి కథ రాయకండి, కావాలంటే కల్పించి రాయండి, మార్కులు ఎలాగూ వేస్తారు.

ఆ ఆదివారం సెషన్లో ఉన్నవాళ్లెవరైనా స్క్రీన్ రికార్డింగ్ చేసుంటే దయచేసి నాకు మెసేజ్ పెట్టండి. వాళ్ల యాప్‌లోంచి ఆ ఒక్క వీడియో మాయమైంది. జిల్లా వినియోగదారుల కమిషన్లో వేయడానికి కాగితాలు సిద్ధం చేస్తున్నా, అది కావాలి. మీ పేరు ఎక్కడా రానివ్వను.