పాత హోండాలో గేర్ స్లిప్ అవుతోంది: ఆయిల్ మార్పా, జంక్‌యార్డ్ బాక్సా, రీబిల్డా, అమ్మకమా?

యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ గోల పెడుతుంది, ఆర్‌పీఎం ముల్లు పైకెక్కుతుంది, బండి మాత్రం కదలనంటుంది. అమెరికాలో చవగ్గా వస్తోందని పాత ఆటోమేటిక్ హోండా అకార్డో టొయోటా క్యామ్రీయో కొన్న మనవాళ్లలో చాలామందికి ఈ తిప్పలు తెలుసు. వెంటనే వచ్చే సలహా: "గేర్‌బాక్స్ మార్పించెయ్ బ్రో." అది ఏ బండి, ఏ సంవత్సరం అని అడగకుండా ఇచ్చే సలహాకి విలువ లేదు.

ముందు గేర్‌బాక్స్ ఆయిల్ చూడాలి. పాత హోండాలో ఇంజిన్ బాగా వేడెక్కాక, చదునైన చోట ఆపి, ఆఫ్ చేసిన నిమిషంన్నర లోపు డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూపే పుల్ల) తీసి చూడాలి. పాత టొయోటాలో ఇంజిన్ నడుస్తుండగానే పార్క్‌లో పెట్టి చూడాలి. ఈ తేడా తెలియక, నిండుగా ఉన్న బాక్స్‌లోనే ఇంకో లీటరు పోసేవాళ్లున్నారు. ఆయిల్ ఎర్రగా ఉంటే మంచిదే. నల్లబడి మాడు వాసన కొడుతుంటే లోపల క్లచ్ ప్లేట్ల లైనింగ్ కాలినట్టే. డ్రెయిన్ ప్లగ్‌కి ఉన్న అయస్కాంతాన్నీ చూడండి. బూడిదరంగు మెత్తటి ముద్ద అంటుకుని ఉంటే అది మామూలు అరుగుదల. వేలితో రాస్తే గుచ్చుకునే లోహపు పెళ్లలు ఉంటే ఆయిల్ మీద ఇంక డబ్బు తగలేయకండి.

వాసన లేకపోతే ఆయిల్ మార్పు తప్పక చేయించాలి. ఒకసారి దించితే పాతది మొత్తం రాదు, సగానికి పైగా టార్క్ కన్వర్టర్‌లో (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా బాక్స్‌కి అందించే భాగం), లోపలి దారుల్లో ఉండిపోతుంది. అందుకే హోండాకి దించి, పోసి, కొంచెం నడిపి, మళ్లీ దించడం మూడుసార్లు చేస్తారు. హోండా డీడబ్ల్యూ-1 ఆయిలే వాడండి, మెషీన్‌తో ఒత్తిడి పెట్టి చేసే ఫ్లష్ వద్దు. ఇక స్లిప్ ఆపుతామనే సీసాల మందులు గట్టిబడ్డ సీళ్లని కొన్నాళ్లు మెత్తబరుస్తాయేమో గానీ, కాలిన లైనింగ్‌ని తిరిగి మొలిపించలేవు.

డ్యాష్‌బోర్డ్‌లో డీ (డ్రైవ్) లైటు మిణుకుమంటుంటే బండి కంప్యూటర్‌లో నమోదైన తప్పు కోడ్ చదివించండి, చాలా ఆటో పార్ట్స్ షాపులు డబ్బు తీసుకోకుండా చూసిపెడతాయి. అదృష్టం బాగుంటే తప్పు సోలెనాయిడ్‌దో (ఆయిల్‌ని గేర్లకి మళ్లించే కరెంటు వాల్వు) ప్రెజర్ స్విచ్‌దో అవుతుంది, కొన్ని వందల డాలర్లతో బయటపడతారు. పీ0730 అనే కోడ్ వస్తే మాత్రం కంప్యూటర్ అడిగిన గేర్ నిష్పత్తి లోపల రావడం లేదని అర్థం. దానికి ఆయిల్ తక్కువైనా, వాల్వ్ ఇరుక్కున్నా, ప్లేట్లు అరిగినా కారణం కావచ్చు.

అసలు చిక్కు బాక్స్ పోయిందని తేలాకే. జంక్‌యార్డ్ బాక్స్ (తుక్కు బండి నుంచి విప్పిన పాత గేర్‌బాక్స్), బిగించే కూలీతో కలిపి, చాలాచోట్ల పదిహేను వందల నుంచి రెండున్నర వేల డాలర్ల దాకా అవుతుంది. రీబిల్డ్‌కి, అంటే మీ బాక్స్‌నే విప్పి అరిగిన భాగాలు మార్చి మళ్లీ కట్టడానికి, మూడు, నాలుగు వేలు ఉంచుకోవాలి. ఊరిని బట్టి అటూ ఇటూ.

క్యామ్రీ నాలుగు సిలిండర్ల బండికైతే నేను కళ్లు మూసుకుని జంక్‌యార్డ్ బాక్స్ అంటాను, గుద్దుకుని వచ్చిన బండిదైతే మరీ మంచిది, గుద్దుకునే దాకా ఆ బాక్స్ నడిచిందన్నమాట. అదే ఆరు సిలిండర్ల 2000–2004 అకార్డ్ వి6కి మాత్రం అస్సలు వద్దు. ఆ బాక్స్‌లకి పుట్టుకతోనే జబ్బు. మొదటి రెండేళ్ల వాటికి హోండానే వారంటీ పొడిగించింది. 2003–04 వాటిని రెండో గేరు వేడెక్కి పళ్లు విరగొచ్చని 2004లో రీకాల్ చేసింది. జంక్‌యార్డ్‌లో దొరికేదీ ఆ తానులో ముక్కే. వాళ్లిచ్చే వారంటీ ఒకటి నుంచి మూడు నెలలు, అదీ సాధారణంగా బాక్స్‌కే. రెండోసారి దించి ఎక్కించే కూలీ మీ నెత్తిన పడుతుంది.

రీబిల్డ్ ఒప్పుకునే ముందు మెకానిక్‌ని ఇవి అడగండి. టార్క్ కన్వర్టర్ కూడా మారుస్తున్నారా? ఆయిల్‌ని చల్లబరిచే కూలర్ గొట్టాలు కడుగుతారా? వారంటీలో కూలీ ఉందా, కాగితం మీద రాసిస్తారా? కూలర్‌లో మిగిలిన పాత లోహపు పొడి కొత్తగా కట్టిన బాక్స్‌ని కూడా తినేస్తుంది. ఈ ప్రశ్నలకి నసిగే షాపు ఎంత చవకైనా వెనక్కి వచ్చేయండి.

అమ్మేయడాన్ని ఓటమిలా చూస్తారు మనవాళ్లు. వి6కి ఇంజిన్ టైమింగ్ బెల్ట్ మార్చే ఖర్చు కూడా దగ్గరపడి ఉంటే నా మాట అమ్మేయమనే. నాలుగు సిలిండర్ల 2003–07 అకార్డ్‌కి బెల్ట్ బదులు చెయిన్ కాబట్టి ఆ బాధ లేదు, బాడీ బాగుంటే దానిమీద డబ్బు పెట్టొచ్చు. అమ్మేటప్పుడు స్లిప్ సంగతి కొనేవాడికి చెప్పేయండి. బండి తనంతట తాను నడుస్తుండగానే అమ్మండి, ఎందుకంటే టో ట్రక్ మీద ఎక్కాక దాని ధర తుక్కు ధరే.