మనం నెట్‌లో ఏం చూస్తున్నామో వెంటపడి గమనించే ట్రాకర్లను ఎక్కడ ఆపాలి? బ్రౌజర్‌లోనా, డీఎన్ఎస్‌లోనా, హోస్ట్స్ ఫైల్లోనా?

ఇంట్లో ఉన్నది ఒక్క కంప్యూటరే అయితే ఫైర్‌ఫాక్స్, అందులో యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రామ్). మిగతా రెండు దారులూ దీని తర్వాతే.

కారణం చూపులో ఉంది. డీఎన్ఎస్‌కీ (సైటు పేరును నెట్ చిరునామాగా మార్చే సేవ), హోస్ట్స్ ఫైల్‌కీ (కంప్యూటర్‌లోనే ఉండే అలాంటి పేర్ల జాబితా) సైటు పేరు మాత్రమే తెలుస్తుంది. ఎక్స్‌టెన్షన్‌కి పూర్తి చిరునామా, అది స్క్రిప్టా బొమ్మా, ఏ పేజీ అడిగింది అన్నీ తెలుస్తాయి. యూట్యూబ్ ప్రకటనలు డీఎన్ఎస్‌తో ఆగకపోవడం ఇందుకే: వీడియో వచ్చే సర్వర్ల నుంచే ప్రకటనా వస్తుంది, పేరును ఆపితే వీడియో కూడా పోతుంది. కొన్ని సైట్లు ట్రాకర్‌ను తమ సొంత సబ్‌డొమైన్ వెనక దాచి, సీనేమ్ రికార్డుతో (ఒక పేరును ఇంకో పేరుకు ముడిపెట్టే డీఎన్ఎస్ వరుస) ప్రకటనల కంపెనీకి మళ్లిస్తాయి. ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆ ముసుగు తీసి చూడగలదు. క్రోమ్ ఎక్స్‌టెన్షన్లకు ఆ వీలు ఇవ్వదు.

క్రోమ్ వదలలేని వాళ్లకు మిగిలింది యూబ్లాక్ ఆరిజిన్ లైట్. మేనిఫెస్ట్ వీ3 అనే కొత్త ఎక్స్‌టెన్షన్ నిబంధనలతో 2025లో పాత యూబ్లాక్‌కు క్రోమ్‌లో చోటు పోయింది. లైట్ పనికిరానిదేం కాదు, మామూలు వార్తల సైట్లకు సరిపోతుంది. కానీ ఏవి ఆపాలో చెప్పే జాబితాలు సాధారణంగా ఎక్స్‌టెన్షన్ అప్‌డేట్‌తోనే కొత్తవవుతాయి, కాబట్టి రోజుకో ఎత్తు వేసే సైట్ల దగ్గర వెనకబడుతుంది.

ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ పెట్టాక డ్యాష్‌బోర్డులో ఫిల్టర్ లిస్ట్స్ తెరవండి. ఈజీలిస్ట్, ఈజీప్రైవసీ ముందే టిక్ అయి ఉంటాయి. ప్రాంతాల విభాగంలోని ఇండియన్‌లిస్ట్ మాత్రం బ్రౌజర్ భాషను బట్టి ఎంపికవుతుంది. మన బ్రౌజర్లు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే ఉంటాయి కదా, తెలుగు సైట్లు చదివేవాళ్లు దాన్ని చేత్తో టిక్ చేసుకోవాలి. ఇంకో బ్లాకర్ ఉంటే తీసేయండి. రెండూ ఉంటే ఒకటి తెలివిగా దారి మళ్లించిన స్క్రిప్టును రెండోది మొరటుగా ఆపేస్తుంది, సైటు వెంటనే 'యాడ్‌బ్లాకర్ తీయండి' అంటుంది.

డీఎన్ఎస్ దారి స్మార్ట్ టీవీ, ఫోన్లు ఉన్న ఇంటికి మంచిది. రౌటర్‌లో యాడ్‌గార్డ్ డీఎన్ఎస్ చిరునామాలు 94.140.14.14, 94.140.15.15 ఇస్తే చాలు. సొంతంగా నడపాలంటే రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద పై-హోల్ అనే డీఎన్ఎస్ ప్రోగ్రామ్, 512 ఎంబీ ర్యామ్ ఉన్నా నడుస్తుంది. తప్పులు జరిగే చోట్లు మూడు. రెండో గడిలో 'ఎందుకైనా మంచిది' అని గూగుల్ డీఎన్ఎస్ 8.8.8.8 ఇస్తారు: అది అత్యవసరానికి దాచిన సర్వర్ కాదు, ప్రశ్నలు దానికీ వెళ్తుంటాయి, ట్రాకర్లు అటునుంచి వస్తాయి. ఐపీవీ6 (కొత్త తరం నెట్ చిరునామాలు) డీఎన్ఎస్‌ను మార్చకుండా వదిలేస్తారు, కొన్ని ప్రశ్నలు అలా జారిపోతాయి. బ్రౌజర్‌లో సెక్యూర్ డీఎన్ఎస్ కింద వేరే కంపెనీని ఎంచుకుని ఉంటే రౌటర్ మాట అది వినదు.

హోస్ట్స్ ఫైల్ ఈ రోజుల్లో నేను ఎవరికీ చెప్పను. వైల్డ్‌కార్డ్ (అన్ని సబ్‌డొమైన్లనూ ఒకేసారి పట్టే గుర్తు) లేదు, ప్రతి సబ్‌డొమైన్‌కూ ఎక్కడికీ పోని 0.0.0.0 చిరునామాతో ఒక వరుస రాయాలి. లక్ష వరుసలు దాటిన ఫైల్‌తో విండోస్ డీఎన్ఎస్ క్లయింట్ మందగిస్తుంది. మైక్రోసాఫ్ట్ పేర్లను అందులో ఆపితే విండోస్ యాంటీవైరస్ డిఫెండర్ దాన్ని ముప్పుగా చూపించవచ్చు. నోట్‌ప్యాడ్ ఫైల్ పేరు చివర .టీఎక్స్‌టీ తగిలిస్తే ఏదీ పనిచేయదు, ఎందుకో అర్థమూ కాదు. పది పేర్లు ఆపడానికైతే సరే.

లాగిన్ అయిన సైటు తన సర్వర్లోనే దాచుకునే వివరాలను వీటిలో ఏదీ ఆపలేదు.

బ్యాంకు చెల్లింపు పేజీ తెరుచుకోకపోతే తప్పు ఏ పొరదో ముందు తేల్చుకోండి. ఫైర్‌ఫాక్స్ ప్రైవేట్ విండోలో, మీరు అనుమతి ఇవ్వకపోతే, యూబ్లాక్ నడవదు. అక్కడ పేజీ తెరుచుకుంటే అడ్డు చాలావరకు యూబ్లాక్‌దే: మామూలు విండోలో దాని ఐకాన్ నొక్కి, ఆ సైటుకు మాత్రం పవర్ బటన్ ఆపి, పేజీని రీలోడ్ చేయండి. అక్కడా తెరుచుకోకపోతే డీఎన్ఎస్ వైపు చూడాలి.