ఉద్యమ్ సర్టిఫికెట్: డిజైనర్ల, ఫోటోగ్రాఫర్ల బిల్లు వసూలుకు ఏమేరకు పనికొస్తది?

హన్మకొండ, కాజీపేటల్లో లోగోలు, బ్రోచర్లు, రీల్స్ చేసే చిన్న స్టూడియోలకు పని దొరకడం కాదు, పైసలు చేతికి రావడమే గగనం. “లోగోనే కదన్నా, ఓపెనింగ్ అయినంక చూద్దాం” అనే క్లయింట్ల దగ్గర, చిన్న వ్యాపారాలకు కేంద్ర సర్కారు ఇచ్చే ఈ ఉద్యమ్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ బాగానే పనిచేస్తది. ఐదు మార్కులకు మూడున్నర ఇస్తా.

రిజిస్ట్రేషన్ ఉచితం. ఆధార్‌కు లింకైన ఫోను, పాన్ కార్డు ఉంటే చాలు. గూగుల్‌లో వెతికితే అచ్చం సర్కారు సైటులా కనబడి ఫీజు గుంజేవి కూడా వస్తయి. అడ్రసు చివర ‘డాట్ గవ్ డాట్ ఇన్’ ఉందా చూసుకోండి. అసలు చిక్కు, మీరు చేసే పని ఏందో చెప్పే కోడ్ దగ్గర. డిజైన్‌కు 7410, ఫోటోగ్రఫీకి 7420 కిందివి ఎంచుకోవాలి. ఫ్రేములు, మగ్గులు అమ్ముతున్నాం కదా అని రిటైల్ ఒక్కటే పెడితే బ్యాంకు లోనుకు అక్కరకొస్తది గానీ, ఆగిన బిల్లుకు కాదు. పని ఒప్పుకోకముందే రిజిస్టరై ఉండాలి, గొడవ మొదలైనంక కాదు.

చిన్న, మధ్యతరహా సంస్థల కోసం తెచ్చిన 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం, బిల్లు కట్టడానికి రాతకోతల్లో ఏ గడువు పెట్టుకున్నా 45 రోజులు దాటొద్దు. రాత లేకుంటే 15 రోజులే. దాటితే ఆర్బీఐ బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ లెక్కన. ఇంకో మంచి అంశం: ఫైలు అందిన 15 రోజుల్లో రాసి అభ్యంతరం చెప్పకపోతే పని ఒప్పుకున్నట్టే. రెండు నెలలకు “కలర్ నచ్చలే” అంటే చెల్లదు. అందుకే ఫైనల్ ఫైలు తేదీతో సహా మెయిల్‌లో పంపి, ఇన్వాయిస్ మీద ఉద్యమ్ నంబరు వేయాలి.

చాలాసార్లు ఆ నంబరే సగం పని చేస్తది. గడువు దాటిన బిల్లును కట్టేదాకా ఖర్చు కింద చూపనివ్వని పన్ను నిబంధన 2024 ఏప్రిల్ నుంచి ఉంది కాబట్టి, కంపెనీల సీఏలే తొందరపెడతారు. ఫిర్యాదు దాకా పోతే, క్లయింటు బెంగళూరులో ఉన్నా కేసు, ఈ చట్టం కింద బకాయిల గొడవలు తేల్చే తెలంగాణ కౌన్సిల్‌లోనే నడుస్తది. 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది. ఆ లెక్కను మాత్రం నమ్ముకోవద్దు.

మార్కులు తగ్గించింది ఇందుకు: ఒప్పుకున్న రేటు రాబట్టడమే తప్ప న్యాయమైన రేటు ఇప్పించదు. అది కొటేషన్‌లోనే తేలాలి. ఎన్ని డిజైన్లు చూపిస్తరు, ఎన్ని కరెక్షన్లు ఫ్రీ, ఆపైన ఒక్కోదానికి ఎంత, ఓపెన్ ఫైలుకు (మార్పులు చేసుకునే వీలున్న అసలు ఫైలు) వేరే ఎంత, అడ్వాన్స్ ఎంత, అన్నీ రాయాలి. ఇక పెండ్లి ఆర్డర్లకు ఈ కాగితంతో ఒరిగేది తక్కువ. ఆల్బమ్ ప్రింటుకు పోకముందే బ్యాలెన్స్ తీసుకోవాలి.