తాడోబా 'లైవ్ సఫారీ' పెట్టె కొనకండి

బల్లార్షా, చంద్రపూర్ మనవాళ్లకు ఒక మాట. ఇంట్లో నడవలేని పెద్దవాళ్లు ఉంటే తప్పకుండా చదవండి.

మా బాపుకు పక్షవాతం వచ్చి మూడేళ్లు. చక్రాల కుర్చీలోనే ఉంటాడు. తాడోబా పులుల అడవికి వెళ్లే మోహర్లీ గేటు ఇక్కడికి గంటన్నర దారే కానీ, ఆయనను సఫారీకి తిప్పే జిప్సీ జీపు ఎక్కించడం మా వల్ల కాదు. అందుకే చంద్రపూర్‌లో ఒక దుకాణంలో "తాడోబా లైవ్ వర్చువల్ సఫారీ, కుర్చీలో కూర్చునే పులిని చూడొచ్చు" అనగానే పడిపోయాను. ఫోన్ లోపల పెట్టి చూసే అట్ట కళ్లద్దాల పెట్టె, ఒక మెమరీ కార్డు, 2,200 రూపాయలు. లైవ్‌కు మెమరీ కార్డు ఎందుకని అప్పుడు తట్టలేదు చూడండి!

పెట్టి చూస్తే తల ఎటు తిప్పినా అదే బొమ్మ. మామూలు వీడియోనే పక్కపక్కన రెండుసార్లు అతికించారు. అసలు 360 డిగ్రీల వీడియో అయితే మనం తిరిగిన వైపు అడవి కనిపించాలి. అందుకు ఫోన్‌లో గైరోస్కోప్ (ఫోన్ ఎటు తిరిగిందో పసిగట్టే సెన్సర్) కూడా ఉండాలి, చవక ఫోన్లలో చాలావాటికి ఉండదు. మా తమ్ముడి ఫోన్‌కు ఉంది, అందులో పెట్టినా అంతే.

బాపు ఐదు నిమిషాలు చూసి, "ఇయ్యాల మంగళారం కదరా, తాడోబా బందుంటది. గీ జిప్సీలు ఎక్కడియి?" అన్నాడు. కాసేపటికి జీబ్రా వచ్చింది. తాడోబాలో జీబ్రా! తల తిరుగుతోందని పెట్టె తీసేశాడు.

దుకాణంవాడు సీలు తీసినది వాపసు తీసుకోడట. బిల్లు అడగకపోవడం నా తప్పు. మీరు ఇలాంటిది ఏది కొన్నా అక్కడే మీ ఫోన్‌లో పెట్టి చూడండి, బిల్లు తీసుకోండి. తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయొచ్చు.

అసలు డబ్బులే అక్కర్లేదు. 2016లో గూగుల్, అమెరికా నేషనల్ పార్క్ సర్వీసుతో కలిసి ఐదు పార్కుల 360 టూర్లు ఉచితంగా పెట్టింది. రేంజర్లే వెంట తిప్పి చూపిస్తారు. మాటలు ఇంగ్లిష్‌లో ఉంటాయి, పక్కన కూర్చుని నేను చెప్పాను. పెట్టె లేకుండా లాప్‌టాప్‌లోనే కార్ల్స్‌బాద్ గుహలు, హవాయి అగ్నిపర్వతాలు చూశాడు బాపు. తల తిరగలేదు.

ఎవరి దగ్గరైనా తాడోబాలో తీసిన అసలు 360 వీడియో ఉంటే పంపండి. ఇరయ్ చెరువు ఒడ్డు ఉంటే మరీ మంచిది, రోజూ అడుగుతున్నాడు.