పెన్నేటి నీళ్ళ మీద వెలుతురు: గండికోట, మైలవరం

కడప జిల్లాలో పెన్నేటి లోయ మీద ఉన్న గండికోటకు వచ్చేవాళ్ళలో చాలామంది ఆ లోయ అంచున నాలుగు ఫోటోలు తీసుకుని, ఎండ ముదరకముందే బెలూం గుహల దారి పడతారు. ఇంకొందరు ఆ గుహలు చూసుకుని మిట్టమధ్యాహ్నం ఇక్కడికి చేరతారు. అప్పుడు లోయ చూస్తే దాని లోతు తెలుస్తుంది గానీ రంగు తెలియదు. ఫోటోల కోసమే వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే: పొద్దున గండికోటలో ఉండండి, సాయంత్రం మైలవరం డ్యామ్ దగ్గర ఉండండి. రెండుచోట్లా ఉన్నది ఒకే నీళ్ళు. కానీ వెలుతురు పడే తీరు వేరు.

ముందు ఈ నీళ్ళ సంగతి చెప్పాలి. పెన్నేరు వానలను నమ్ముకున్న ఏరు. కోట కిందుగా ఎర్రమల కొండలను చీల్చుకుంటూ తూర్పుకు పారుతుంది. లోయ దాటాక కొంత దూరంలో మైలవరం డ్యామ్ కట్టారు. దాదాపు 10 టీఎంసీల జలాశయం. అది నిండితే నీళ్ళు వెనక్కి తన్ని లోయలోకి ఎక్కుతాయి. కోటకు ఎగువన గండికోట రిజర్వాయర్ ఉంది, దాని సామర్థ్యం 26.85 టీఎంసీలు. దానికి గాలేరు-నగరి కాలువ మీదుగా, అవుకు జలాశయం దాటి శ్రీశైలం నీళ్ళు వస్తాయి. అంటే పెన్నేటి లోయలో మనం ఫోటో తీసేదాంట్లో కృష్ణ నీళ్ళు కూడా ఉంటాయన్న మాట. కరువు సీమలో పుట్టి పెరిగినవాడికి ఆ ఆలోచనే ఒక సంతోషం.

ఫోటోకు ఇది ఎందుకు ముఖ్యమంటే, నీటిమట్టాన్ని బట్టి లోయ రూపమే మారిపోతుంది. నిండుగా ఉంటే ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నీళ్ళే, రాళ్ళ ప్రతిబింబం అందులో చక్కగా దిగుతుంది. మట్టం తగ్గితే అడుగున రాళ్ళ మీద తెల్లటి చార తేలుతుంది, కంటికి అదే ముందు కొడుతుంది. అందుకే బయలుదేరే ముందు జమ్మలమడుగులో తెలిసినవాళ్ళకు ఫోన్ చేసి నీళ్ళెట్లా ఉన్నాయో కనుక్కుంటాను. నా లెక్కలో నవంబర్ నుంచి జనవరి దాకా మంచి కాలం. వానలకు దుమ్ము అణిగి ఉంటుంది, ఆకాశం శుభ్రంగా ఉంటుంది, దారిపొడవునా నల్లరేగడి చేలల్లో శనగ పచ్చగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఎనిమిదికే ఆకాశం తెల్లబడిపోతుంది. అప్పుడు కెమెరా తీసుకుని రావడం శ్రమ దండగ.

ఇక పొద్దుటి సంగతి. కోట లోయకు దక్షిణపు ఒడ్డున ఉంది. చలికాలంలో సూర్యుడు ఆగ్నేయం నుంచి లేస్తాడు కాబట్టి మనం నిలబడ్డ గోడ నీడలో ఉండి, ఎదురుగోడకు ఎండ తగులుతుంది. మొదట పైఅంచున ఒక సన్నటి గీత, లేత నారింజ రంగులో. అది రాయి మీద రాయి దిగుతూ వస్తుంది. అక్కడి రాయి పలకలు పలకలుగా పేర్చినట్టు ఉంటుంది కాబట్టి ప్రతి పలక కిందా ఒక సన్నటి నీడ గీత పడుతుంది. భూగర్భశాస్త్రంలో ఈ రాతి పొరలకు గండికోట క్వార్ట్‌జైట్ అనే పేరు. ఎండ సగం గోడ దాకా దిగిన సమయమే అన్నిటికన్నా విలువైనది. నీటి మీద ఇంకా ఎండ పడదు, కానీ పైన వెలిగిన ఎర్రరాయి ప్రతిబింబం మాత్రం నీళ్ళలో పూర్తిగా దిగి ఉంటుంది. నీడలో ఉన్న నీళ్ళలో ఎర్రదనం ఎంత చిక్కగా కనబడుతుందంటే, పైనున్న అసలు రాయి దాని ముందు వెలిసిపోయినట్టు ఉంటుంది. నీళ్ళ మీదికి ఎండ దిగగానే ఆ రంగు పోతుంది, పచ్చటి నీళ్ళు మిగులుతాయి. అదీ బాగుంటుంది, కానీ దాని కోసం చీకట్లో లేవనక్కర్లేదు.

గాలి లేచిందా, నీళ్ళలో ప్రతిబింబం చెదిరిపోతుంది. మైలవరం దగ్గర పుట్టిలో, అంటే గుండ్రటి చిన్న పడవలో, వల తీస్తున్న ఒకాయన నాతో అన్నాడు, "నీళ్ళు నిలబడాల అన్నా, గాలి తోలితే నీకూ ఏం దొరకదు, నాకూ పని సాగదు." ఆకాశానికీ లోయ అడుగుకూ వెలుతురులో చాలా తేడా ఉంటుంది కాబట్టి ఆకాశం వదిలేసి గోడనూ నీళ్ళనూ మాత్రమే ఫ్రేములో పెట్టడం నాకు ఇష్టం. ఆకాశం కావాలంటే వేర్వేరు ఎక్స్‌పోజర్లలో తీసి కలుపుకోవాలి. పోలరైజర్ ఫిల్టర్ ఉంటే పొద్దున పూట ఆచితూచి తిప్పండి. నీటి మీది మెరుపుతో పాటు మనకు కావాల్సిన ఆ ప్రతిబింబాన్ని కూడా అది తుడిచేస్తుంది. డ్రోన్ ఎగరెయ్యాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి, కోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది. లోయ అంచున అన్నిచోట్లా కంచె లేదు, కొన్ని బండలు కదులుతాయి. పిల్లలతో వచ్చేవాళ్ళు మసీదు, రంగనాథస్వామి గుడి, ధాన్యాగారం చూసి, అంచుకు దూరంగా ఉండటమే మేలు. కోతులు కూడా ఎక్కువే, లెన్స్ సంచి తెరిచి పక్కన పెట్టొద్దు.

బస విషయంలో మూడు దారులున్నాయి. గండికోటలోనే పర్యాటక శాఖ వాళ్ళ హరిత హోటల్ ఉంది. తెల్లవారుజామున నడిచి వెళ్ళే దూరంలో ఉండటం దాని గొప్ప, గదులు తక్కువ కాబట్టి శని, ఆదివారాలకు ముందే బుక్ చేసుకోవాలి. రెండోది టెంట్లు. కళ్ళు తెరవగానే ఆకాశం కనబడుతుందని నేనూ ఒక రాత్రి టెంట్‌లో పడుకున్నాను. అర్ధరాత్రి దాటినా పక్క గుంపు వాళ్ళ పాటల డబ్బా ఆగలేదు. టెంట్ల ఆయనకు చెబితే "వీకెండ్ కదన్నా" అన్నాడు. పొద్దున చూస్తే చుట్టూ ప్లాస్టిక్ ప్లేట్లు, సీసాలు. ఇంత అందమైన చోటును ఇట్లా పాడు చేయడం చూస్తే నిజంగా బాధ కలుగుతుంది. వారం మధ్యలో అయితేనే టెంట్ తీసుకోండి. మూడోది జమ్మలమడుగు లేదా ప్రొద్దుటూరు లాడ్జి. గది, వేడినీళ్ళు, భోజనం అన్నిటికీ ఇబ్బంది ఉండదు. జమ్మలమడుగు నుంచి కోటకు 15 కిలోమీటర్లే గానీ, సొంత బండి లేకపోతే తెల్లవారుజామున ఆటో దొరకడం టెన్షనే. ముందురోజు రాత్రే మాట్లాడి పెట్టుకోవాలి. ఫోటోల కోసం వచ్చేవాళ్ళకు నా ఓటు హరితకే, పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చేవాళ్ళకు ప్రొద్దుటూరుకే.

పగటిపూట పడుకుని, నాలుగింటికి మైలవరం చేరితే సరిపోతుంది. ఇక్కడ లోయ గోడలు లేవు, కట్ట దగ్గర నిలబడి పడమరకు చూస్తే విశాలమైన నీళ్ళు, వాటి వెనక ఎర్రమల కొండల వరుస. సూర్యుడు ఆ కొండల వైపే దిగుతాడు. గండికోటలో రాయి ఎట్లా ముఖ్యమో ఇక్కడ ఆకాశం అట్లా. మబ్బు లేని రోజున మైలవరం సాదాగా ఉంటుంది, చీలికలు చీలికలుగా మబ్బు పట్టిన రోజున వదులుకోకూడదు. పొద్దు కుంకగానే చాలామంది వెళ్ళిపోతారు. ఇంకో ఇరవై నిమిషాలు ఆగండి. ఎరుపు పోయి కొండల మీద ఊదారంగు వస్తుంది, నీళ్ళు వెండిలా తేలతాయి. పుట్టి ఒకటి అడ్డం వచ్చిందంటే ఆ ఫోటోకు ఇక వేరే ఏమీ అక్కర్లేదు. కట్ట మీద ట్రైపాడ్ పెట్టే ముందు కావలివాళ్ళను అడగండి. మర్యాదగా అడిగితే ఎక్కడ నిలబడొచ్చో వాళ్ళే చెబుతారు.

తిండికి జమ్మలమడుగే నయం. పొద్దున ఫోటోలయ్యాక దిగి వచ్చి ఉగ్గాని, బజ్జీ తినండి, లేదంటే ఎర్రకారం పూసిన దోసె. గండికోట పైన మధ్యాహ్న భోజనం ఎంపిక తక్కువ, నీళ్ళు మాత్రం తప్పకుండా వెంట తీసుకెళ్ళండి. రైల్లో వచ్చేవాళ్ళకు ఎర్రగుంట్ల-నంద్యాల మార్గంలో జమ్మలమడుగు స్టేషన్ ఉంది, ఆ దారిలో రైళ్ళు తక్కువ. ముద్దనూరు లేదా ఎర్రగుంట్లలో దిగితే చెన్నై-ముంబై మార్గం రైళ్ళు దొరుకుతాయి, అక్కడి నుంచి బస్సు. కోటకు బస్సులు ఉన్నా రోజంతా వరసగా ఉండవు, తిరుగు బస్సు ఎన్నింటికో దిగేటప్పుడే కండక్టర్‌ను అడిగి పెట్టుకోండి.