ఒక పెట్టెలో రెండు షెర్మన్లు: ఇద్దరు కలిసి చేసే మంచు డయోరమాకు ఆర్మర్‌ఫాస్ట్ కిట్

ఆర్మర్‌ఫాస్ట్ వాళ్ల 1/72 (అసలులో 72వ వంతు) ఎం4ఎ3 షెర్మన్ పెట్టెలో, అంటే రెండో ప్రపంచ యుద్ధపు అమెరికా ట్యాంకు ప్లాస్టిక్ నమూనా పెట్టెలో, ట్యాంకులు రెండు వస్తాయి. ఇద్దరు స్నేహితులు కలిసి ఒక చిన్న యుద్ధ దృశ్యం చేద్దామనుకుంటే మొదట చూడాల్సిన పెట్టె ఇదే. చెరొకటి చేసుకోవచ్చు, ఎవరి చేతులూ ఖాళీగా ఉండవు. బల్ల మీద ఆడే యుద్ధ క్రీడల కోసం తయారైన కిట్ కాబట్టి భాగాలు తక్కువ. ఒక సాయంత్రం కూర్చుంటే రెండూ నిలబడతాయి. చక్రాలూ ట్రాకూ కలిసి ఒక్కో వైపుకి ఒకే ముక్కగా ఉంటాయి. డెకాల్స్ (గుర్తులు, అంకెల స్టిక్కర్లు) ఉండవు. పైన మూటాముల్లె లేని బోసి ట్యాంకు చేతికొస్తుంది.

ఎండాకాలపు దృశ్యానికి ఇవన్నీ లోపాలే. అమెరికా గుర్తయిన తెల్ల నక్షత్రాలు కావాలి, చక్రాల మధ్య ఖాళీలు కనిపించాలి. అదే బెల్జియంలోని ఆర్డెన్స్ అడవుల మంచులో పెడితే ఈ లోపాల్లో చాలావాటిని మంచే కప్పేస్తుంది. అక్కడ జర్మన్లతో అమెరికన్ల పోరాటం 1944 డిసెంబర్ 16న మొదలై 1945 జనవరి 25 దాకా నడిచింది. మంచులో కనబడకుండా ఉండడానికి సిబ్బంది ట్యాంకుల మీద సున్నం పూసుకున్నారు. ఆ పూత కింద నక్షత్రం సగం కనబడినా, అసలు కనబడకపోయినా తప్పు లేదు. ఎం4ఎ3 కూడా ఆ చలికాలానికి సరిపోయే రకమే. ఒక్క జాగ్రత్త: డిసెంబర్ 26న ముట్టడిలో ఉన్న బాస్టోన్ పట్టణం చేరిన 4వ ఆర్మర్డ్ డివిజన్ ట్యాంకు ‘కోబ్రా కింగ్’ పేరు మాత్రం దీని మీద రాయకండి. అది అదనపు కవచం ఉన్న ఎం4ఎ3ఇ2. ముందు భాగమూ టరెట్టూ (తుపాకీ ఉండే తిరిగే పై భాగం) వేరుగా ఉంటాయి. తెలిసినవాళ్లు చూడగానే పట్టేస్తారు.

కొలతలు ముందే లెక్క వేసుకోండి. అసలు షెర్మన్ వెడల్పు 2.62 మీటర్లు, ఎత్తు 2.74 మీటర్లు. 72తో భాగిస్తే 36, 38 మిల్లీమీటర్లు. 1.75 మీటర్ల మనిషి 24 మిల్లీమీటర్లు ఉంటాడు. 1/76 బొమ్మ అయితే 23. పక్కపక్కన నిలబెట్టకపోతే ఆ తేడా కంటికి ఆనదు. రెండు ట్యాంకులూ పెట్టాలంటే 20×30 సెంటీమీటర్ల పీఠం కావాలి, అంటే 14.4×21.6 మీటర్ల నేల. 15×20లో ఒక్కటే పెట్టండి. రెండోదాన్ని ఇరికిస్తే దృశ్యం కాస్తా పార్కింగ్ స్థలమైపోతుంది. ట్యాంకులను పీఠం అంచుకు సమాంతరంగా కాక కాస్త ఏటవాలుగా నిలబెట్టండి.

అతికించడానికి టామియా ఎక్స్‌ట్రా థిన్ సిమెంట్ కంటే మంచిది లేదు. ఆకుపచ్చ మూత, 40 మిల్లీలీటర్ల సీసా, మూతకే బ్రష్. రెండు ముక్కలనూ ముందు కలిపి పట్టుకుని, అతుకు దగ్గర బ్రష్ కొసను ఆనిస్తే చాలు. జిగురు తనంతట తానే సందులోకి పాకుతుంది. కొత్తవాళ్లు ముక్క నిండా పూసేసి, తర్వాత వేళ్లతో నొక్కుతారు. కరిగిన ప్లాస్టిక్ మీద వేలిముద్ర అచ్చుగుద్దినట్టు పడిపోతుంది. అది పోవాలంటే ఉప్పుకాగితం పట్టాల్సిందే. వేళ్లు అతుకుకు దూరంగా ఉంటే ఈ బాధే లేదు. ట్రాక్ ముక్క పై అంచు హల్‌కి (ట్యాంకు ఒంటికి) సరిగ్గా ఆనిందో లేదో జిగురు పెట్టకముందే చూసుకోండి. ఒక వైపు అర మిల్లీమీటరు ఎత్తుగా కూర్చున్నా ట్యాంకు కుంటుతుంది.

తుపాకీ గొట్టం మూతికి ఒక మిల్లీమీటరు డ్రిల్ పెట్టండి. 75 మిల్లీమీటర్లను 72తో భాగిస్తే దాదాపు అంతే. ముందు సూదితో మధ్యలో చిన్న గుంట చేసి, పిన్ వైస్‌ను (డ్రిల్ బిగించే చిన్న చేతి పిడిని) చేత్తో నెమ్మదిగా తిప్పాలి. గుంట లేకుండా మొదలుపెడితే డ్రిల్ పక్కకు జారి గొట్టం చీలుతుంది. రెండు నిమిషాల పనే. బొమ్మ పోయి ట్యాంకు కనబడేది మాత్రం ఇక్కడే.

సామాను మూటలు మీరే చేసుకోవాలి. టిష్యూ కాగితాన్ని నీళ్లు కలిపిన పివిఎ (తెల్ల) జిగురులో తడిపి 14 మిల్లీమీటర్ల పొడవున చుడితే ఒక మీటరు టార్పాలిన్ చుట్ట తయారవుతుంది. తడి ఉండగానే దారంతో రెండు చోట్ల బిగించి కట్టాలి. ఆరాక కడితే దారం లోపలికి నొక్కుకోదు, బరువున్న మూటలా కనబడదు. 20 లీటర్ల జెర్రీ క్యాన్ ఈ స్కేలులో 6.5 మిల్లీమీటర్ల ఎత్తుండాలి. వేరే కిట్లలో మిగిలినవి వాడేముందు కొలవండి.

రంగు దగ్గర ఇద్దరికీ ఒకే సీసా ఉండాలి. టామియా ఎక్స్‌ఎఫ్-62 (ఆలివ్ రంగు) నాలుగు వంతులకు ఎక్స్‌ఎఫ్-60 (ముదురు పసుపు) ఒక వంతు కలిపితే చిన్న స్కేలుకు తగినంత లేతబడుతుంది. సీసాలోంచి నేరుగా పూస్తే ఇంత చిన్న ట్యాంకు నల్లగా కనబడుతుంది. పాళ్లు మూత మీద రాసిపెట్టుకోండి. ఒకరి దగ్గర టామియా, ఇంకొకరి దగ్గర వల్లెహో కంపెనీ రంగు ఉంటే రెండింటినీ ఒకే గిన్నెలో కలపకండి. టామియాలో ఆల్కహాల్ ఉంటుంది, వల్లెహో నీటి రంగు. రెండూ కలిస్తే విరిగిన పాలలా ముద్దకడుతుంది. బ్రష్‌తో పూసేవాళ్లకు వల్లెహో నయం. టామియా త్వరగా ఆరి బ్రష్ గీతలు మిగులుస్తుంది, స్ప్రేకు మాత్రం బాగుంటుంది.

సున్నం పూతకు హెయిర్ స్ప్రే పద్ధతే సరైనది. ఆలివ్ రంగు మీద వార్నిష్ వేసి ఒక రోజు ఆరనివ్వండి. తర్వాత హెయిర్ స్ప్రే రెండు పలచటి పూతలు, పావుగంట విరామం, ఆపైన పల్చగా చేసిన టామియా ఎక్స్‌ఎఫ్-2 తెలుపు. తెలుపు ముట్టుకుంటే అంటకుండా ఆరగానే నీళ్లద్దిన గట్టి బ్రష్‌తో రుద్దాలి. కింది హెయిర్ స్ప్రే కరిగి తెలుపు మరకలు మరకలుగా లేస్తుంది. మనుషులు ఎక్కే చోట్ల, హ్యాచ్‌ల (పైకి తెరిచే మూతల) చుట్టూ, ఫెండర్ల అంచుల దగ్గర ఎక్కువ లేపండి. తెలుపు మందంగా పడితే నీరు కిందికి దిగదు. అప్పుడు ఎంత రుద్దినా లాభం లేదు. ఇక్కడ వల్లెహో తెలుపు వాడితే మరకలుగా కాక పొర పొరగా ఊడొస్తుంది. ముందు ఒక ప్లాస్టిక్ చెంచా మీద మొత్తం వరస చేసి చూసుకోండి.

సైనికుల బొమ్మలు విడిగా కొనాలి. మెత్తటి ప్లాస్టిక్ బొమ్మలకు రంగు నిలవదు. సబ్బునీళ్లతో కడిగి, ఆరబెట్టి, ప్రైమర్ వేశాకే రంగు. తుపాకులు వంగి ఉంటే వేడినీళ్లలో ముంచి సరిచేసి, వెంటనే చన్నీళ్లలో పెట్టండి. రంగు వేశాక వంచితే పెచ్చులూడతాయి. మామూలు ప్లాస్టిక్ సిమెంట్ వీటిని అతకదు. పాదంలోకి సన్నటి తీగ గుచ్చి నేలలో నాటడమే గట్టి దారి. గట్టి పాలీస్టైరిన్ బొమ్మలు దొరికితే ఈ అవస్థ ఉండదు.

నేల పని ఒకరే చూడడం మేలు. ఎత్తుపల్లాలు మాత్రం ఇద్దరూ ఒప్పుకున్నాకే మొదలుపెట్టాలి. 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కు రెండు వైపులా వార్నిష్ వేయండి. లేకపోతే తడి జిగురుకు అప్పడంలా వంగుతుంది. దాని మీద 20 మిల్లీమీటర్ల గట్టి ఫోమ్ షీటు, పైన నేల పేస్టు. పేస్టు తడిగా ఉండగానే ట్యాంకు అడుగున పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టి, నేలలోకి ఒత్తి, తీసేయండి. ఇలాంటి డయోరమాల్లో ఎక్కువగా కనబడే తప్పు ఇదే: 30 టన్నుల ట్యాంకు మంచు మీద తేలుతున్నట్టు ఉంటుంది. ట్రాక్ కింది అంచు నేలలో కూరుకుని, వెనక రెండు చాళ్లు సాగితేనే బరువు తెలుస్తుంది.

మంచుకు వంటసోడా వాడకండి. మొదట్లో బాగానే ఉంటుంది, కాలం గడిచేకొద్దీ తేమ లాగి పసుపెక్కుతుంది. గాజు మైక్రోబెలూన్ల (బోలు గాజు పూసల) పొడి మేలు. రెండు వంతుల పివిఎకు ఒక వంతు నీరు, ఒక చుక్క తెల్ల రంగు కలిపి, జావలా చిక్కబడేదాకా పొడి వేయండి. మూతికి మాస్క్ తప్పనిసరి, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. పివిఎ ఆరితే పారదర్శకమవుతుంది. కింద గోధుమరంగు నేల ఉంటే మంచు మురికిగా తేలుతుంది. అందుకని చాళ్లలో మాత్రమే మట్టి రంగు ఉంచి, మిగతా నేలకు ముందే తెలుపు వేయండి. అడుగు లోతు మంచు ఈ స్కేలులో 4 మిల్లీమీటర్లే. అంతకు మించి పోస్తే సైనికులు మోకాళ్ల దాకా కూరుకుపోవాలి.

ట్యాంకు మీద మంచు చివర్లో వేయాలి. టరెట్ పైన, ముందు పలక అంచుల్లో, టార్పాలిన్ మడతల్లో కొద్దికొద్దిగా పెట్టండి. ఇంజిన్ డెక్ (వెనక, ఇంజిన్ పైనుండే జాలీ పలక) మీద వద్దు. నడిచి వచ్చిన ట్యాంకు ఇంజిన్ వేడికి అక్కడ మంచు నిలవదు. ఆ జాలీని తడిసిన ముదురు ఆలివ్‌గా వదిలేసి, చుట్టూ సన్నగా మెరుపు వార్నిష్ వేస్తే ఇప్పుడే వచ్చి ఆగినట్టు ఉంటుంది.

హ్యాచ్ తెరిచి లోపలి సీట్లు చూపాలనుకునేవాళ్లూ, ట్రాక్ లింకులు ఒక్కొక్కటే పేర్చడంలో ఆనందం ఉన్నవాళ్లూ ఈ పెట్టె జోలికి పోవద్దు. వాళ్లకు ఇంతకంటే పెద్ద 1/35 స్కేలు కిట్ కావాలి.